మూడో తరగతి పాపని బడి మాన్పించి ఇంట్లో చదివించాలా, సర్కారు బడిలో వేయాలా?

నీలిమ_కొండాపూర్

అందరికీ నమస్కారం. మా పాప మూడో తరగతి అయిపోవస్తోంది. చదివేది ప్రైవేటు స్కూల్లో. పొద్దున ఏడుంపావుకి బస్సెక్కితే సాయంత్రం నాలుగున్నరకి దిగుతుంది. ఆ తర్వాత హోంవర్కు. నోట్సులో ఉన్న జవాబులే మూడేసి సార్లు రాయాలి.

మొన్న ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పరీక్షలో చెట్ల వల్ల ఉపయోగాలు రాయమన్నారు. తాతయ్య వాళ్ల పెరట్లో చింతచెట్టు కింద ఎండాకాలం మంచాలు వేసుకుంటారని, చింతచిగురుతో నానమ్మ పప్పు చేస్తుందని, కొమ్మకి ఉయ్యాల కట్టారని రాసింది. నోట్సులో ఉన్నట్టు లేదని 3 మార్కులకి సున్నా వేశారు. ఆ పేపరు నాకు చూపించకుండా బ్యాగు అడుగున, పాత లంచ్ నాప్కిన్ కింద దాచింది. ఎనిమిదేళ్ల పిల్ల నా దగ్గర ఒక కాగితం దాచే పరిస్థితి వచ్చిందంటే నాకు నిద్ర పట్టలేదు.

వచ్చే ఏడాదికి ఫీజు, బస్సు కలిపి 1,40,000 అడుగుతున్నారు. డబ్బు తర్వాత సంగతి, ఈ చదువు కోసం అంత కట్టడానికి మనసు రావట్లేదు. మా ముందు రెండు దారులున్నాయి. ఇంట్లోనే చదివించడం, లేదా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో వేయడం. మా ఆయన వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తారు. నేను అకౌంట్స్‌లో చేస్తున్నాను. ఇంట్లో చదివించాలంటే బహుశా నేనే మానేయాలి. అత్తయ్యగారు రెండిటికీ ఒప్పుకోవట్లేదు. చేసినవాళ్లు, దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి.

వెంకట్_ఎల్బీనగర్

నీలిమ గారూ, రెండూ వద్దండి. ఒక్క పేపరు చూసి అంత పెద్ద నిర్ణయం తీసుకోకండి. స్కూలు నచ్చకపోతే ఇంకో స్కూలుకి మార్చండి. రేపు ఇంటర్‌కి వచ్చేసరికి మీ పాప జేఈఈ, నీట్, ఎప్‌సెట్ రాసే లక్షల మందితో పోటీ పడాలి. మూడు గంటలు కదలకుండా కూర్చుని పేపరు రాసే అలవాటు ఇంట్లో రాదు. మా అబ్బాయికి ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సు చెప్పిస్తున్నాం. కష్టమే, కాదనను. కానీ మనలాంటి మధ్యతరగతి వాళ్ల పిల్లలకి ఆస్తులు లేవు, చదువొక్కటే ఉంది. దానితో ప్రయోగాలు చేయడానికి నాకైతే ధైర్యం లేదు.

శ్రావణి_మదనపల్లె

నీలిమ గారూ, మేం చేశాం కాబట్టి చెబుతున్నాను. మా బాబుని నాలుగో తరగతి మధ్యలో మాన్పించాం. ఇప్పుడు ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి పాసై, అందులోనే పన్నెండు చదువుతున్నాడు.

ముందు మంచి చెబుతాను. బడి మానేశాక చాలా కాలం పుస్తకం ముట్టలేదు. నాకు ఒకటే టెన్షన్. తర్వాత తనంతట తనే తీశాడు. భిన్నాలు నేను ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కలేదు. మా పక్కింట్లో టైలరు గారున్నారు. వీడు అక్కడ కూర్చుని గుండీలు ఏరిపెడుతుండేవాడు. ఆయన టేపు పట్టి "ఎనిమిదంగుళాల ముప్పావు, కుట్టుకి అరంగుళం వదులు" అంటుంటే అంగుళంలో ఎనిమిది గీతలు ఎందుకున్నాయో వీడికి అర్థమైంది. ఆ వారమే భిన్నాల కూడికలు వచ్చేశాయి. ఇక్కడ టమాటా మార్కెట్ ఉంది కదా, వాళ్ల నాన్నతో పొద్దున్నే వెళ్లి వేలంలో బాక్సు రేటు వింటూ కిలో ఎంత పడిందో నోటితో కట్టేవాడు. చదువు రోజుకి రెండు, రెండున్నర గంటలు. మిగతా రోజంతా వాడిదే.

ఇక రెండోవైపు. ఆ రోజంతా నాది కూడా. నేను టీచర్ని, వంటమనిషిని, స్నేహితురాల్ని, పోలీసుని. జ్వరం వచ్చినా సెలవు లేదు. వాడికి కోపం వస్తే అమ్మ మీద, టీచరు మీద కలిపి నా మీదే. చుట్టాల పెళ్లికి వెళితే "ఏ స్కూలు?" అన్నది మొదటి ప్రశ్న. జవాబు చెప్పేసరికి మొహాలు మారిపోతాయి.

వెంకట్ గారి అనుమానానికి జవాబు. ఎన్ఐఓఎస్ కేంద్ర ప్రభుత్వ బోర్డు, 1989 నుంచి ఉంది. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఒక భాష సహా ఐదు సబ్జెక్టులు చాలు. ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసే వీలుంది, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. 20 శాతం మార్కులు ఇంటి దగ్గర రాసిచ్చే అసైన్‌మెంట్లకి ఉంటాయి. అందులో ఐదు సబ్జెక్టులతో పన్నెండు పాసైతే జేఈఈ మెయిన్ రాయొచ్చు. ఓపెన్ స్కూల్ వాళ్లు నీట్ రాయకూడదన్న నిబంధనని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. దారులు మూసుకుపోవు.

మాష్టారు_సత్తుపల్లి

నేను ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని, సర్కారు ప్రాథమిక పాఠశాలలో చెబుతున్నాను. ముందు చట్టం సంగతి, ఎందుకంటే దీని మీద వాట్సాప్‌లో రకరకాలుగా తిరుగుతుంటాయి.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే జరిమానా అనో జైలు అనో ఎక్కడా లేదు. ఇంట్లో చదివించుకోవచ్చని కూడా ఎక్కడా లేదు. చట్టం హోమ్‌స్కూలింగ్ ఊసే ఎత్తలేదు. కాబట్టి మిమ్మల్ని ఎవరూ పట్టుకెళ్లరు, అలాగని హక్కుగా అడగడానికి చేతిలో కాగితం కూడా ఉండదు. సర్వేకి వచ్చే సీఆర్పీ (విద్యాశాఖ క్లస్టర్ సిబ్బంది) మీ పాపని "బడి బయటి పిల్ల"గా రాసుకుంటారు. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటకి మేం ఇల్లిల్లూ తిరుగుతాం, అప్పుడూ మీ తలుపు తడతాం.

ఇక మా బడుల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 60 మంది లోపు పిల్లలుంటే చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. అంటే నేను మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుంటాను. ఐదో తరగతికి భాగహారం చెబుతుంటే మూడో తరగతి వాళ్లు ఎక్కాలు రాసుకుంటారు. మధ్యలో మీటింగు, యాప్‌లో హాజరు, భోజనం లెక్క, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ పని. తోటి టీచరు సెలవు పెడితే ఆ రోజు బడి మొత్తం నా మీదే.

అయినా మీ పాప రాసిన చింతచెట్టు జవాబుకి నా క్లాసులో సున్నా పడదు. 2022 ఆగస్టులో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైన దగ్గర్నుంచి మేం పిల్ల చదవగలుగుతోందా, సొంతంగా రాయగలుగుతోందా అనే చూస్తున్నాం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియం అని భయపడే పిల్ల ఇటు చదివి అటు చూసుకుంటుంది. అన్ని బడులూ ఇలా ఉన్నాయని చెప్పను. మీ దగ్గరున్న బడికి మీరే వెళ్లి చూడాలి.

రవి_ఫ్రిస్కో

మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడ మన తెలుగువాళ్లలో కూడా కొన్ని కుటుంబాలు హోమ్‌స్కూల్ చేస్తున్నాయి. మా పెద్దమ్మాయి ఇంట్లో చదివింది, చిన్నవాడు పబ్లిక్ స్కూలుకి వెళుతున్నాడు.

టెక్సాస్‌లో హోమ్‌స్కూల్ అంటే చట్టం దృష్టిలో ఒక ప్రైవేటు స్కూలే. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు అదే తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, పౌర బాధ్యత చెప్పాలి. ఎవరికీ రిపోర్టు ఇవ్వక్కర్లేదు. అదే న్యూయార్క్‌లో ఉన్న మా కజిన్ ఏటా ప్లాన్ ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. కరోనా టైములో అమెరికా అంతటా ఇది బాగా పెరిగింది. సెన్సస్ బ్యూరో సర్వే ప్రకారం 2020 వసంతంలో 5.4 శాతం ఇళ్లలో హోమ్‌స్కూలింగ్ ఉంటే, ఆ ఏడాది అక్టోబరు నాటికి 11.1 శాతం అయింది.

నీలిమ గారూ, మా అనుభవం చూసి మీరు ధైర్యం తెచ్చుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. మాకు నడిచి వెళ్లే దూరంలో పెద్ద లైబ్రరీ ఉంది, ఒకేసారి సంచీడు పుస్తకాలు తెచ్చుకోవచ్చు. కో-ఆప్ అని కొన్ని కుటుంబాలు కలిసి సైన్స్ ఒకరు, సంగీతం ఒకరు చెబుతారు. ఇంకోటి. ఆ రోజుల్లో మా ఆవిడ హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద ఉంది, ఉద్యోగం చేసే వీలు లేదు. ఇంట్లో ఉండాల్సిన పరిస్థితిలో ఈ పని ఎత్తుకుంది. పని చేసే అనుమతి (ఈఏడీ) వచ్చి తను ఉద్యోగంలో చేరగానే రెండోవాడిని బడిలో వేశాం. మీరు ఉన్న ఉద్యోగం వదులుకుని మొదలుపెట్టాలి. రెండూ ఒకటి కాదు.

ఖాదర్_కర్నూలు

పై పోస్టులన్నీ చదివాను. నా మాట కొంచెం గట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

నాకు మెకానిక్ షాపు ఉంది. ఇద్దరు పిల్లలూ సర్కారు బడిలోనే. వాళ్లకి ఇంట్లో చదువు చెప్పడానికి నాకు టైమూ లేదు, అంత చదువూ లేదు. మా ఆవిడ ఐదో తరగతి. మాకు బడి తప్ప ఇంకో దిక్కు లేదు. మీలాంటి చదువుకున్నవాళ్లు బడి బాగాలేదని ముందు ప్రైవేటుకి వెళ్లారు, ఇప్పుడు అది కూడా బాగాలేదని ఇంటికి వెళ్తామంటున్నారు. మరి బడి బాగు గురించి హెడ్మాస్టర్ని అడిగేది ఎవరు? మా స్కూలు కమిటీ మీటింగుకి నేను వెళ్తాను. "బాత్రూములో నీళ్లు రావట్లేదు" అని నేను చెబితే "చూస్తాం లేవయ్యా" అంటారు. అదే ఒక బ్యాంకు ఆఫీసరు కూతురు ఆ బడిలో ఉంటే వారంలో పైపు వస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను.

మా దగ్గర కొంత మారింది. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పనుల్లో గోడలు, బెంచీలు వచ్చాయి. 2025లో మా బడి మోడల్ ప్రైమరీ అయింది, తరగతికో టీచరు వచ్చారు. మధ్యాహ్నం భోజనంలో వారానికి ఐదు గుడ్లు. పిల్లల్ని చదివించే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడాలన్నా బడి హాజరు ఉండాలి. మీకు ఆ డబ్బు అక్కర్లేకపోవచ్చు, మా వీధిలో ఆ డబ్బు వల్లే చదువు ఆగని ఆడపిల్లలున్నారు.

మీ పాపని మీరు ఎక్కడైనా చదివించుకోండి, అది మీ ఇష్టం. సర్కారు బడిని మాత్రం లెక్కలోంచి తీసేయకండి.

శ్రావణి_మదనపల్లె

ఖాదర్ అన్నా, మీరన్నది నిజం. దాన్ని నేను కాదనలేను. కానీ మా వాడు అప్పట్లో రోజూ బడి టైముకి కడుపునొప్పి అనేవాడు. స్కానింగు కూడా తీయించాం, ఏమీ లేదు. ఆదివారం నొప్పి ఉండేది కాదు. ఆ పిల్లాడిని పట్టుకుని, "బడి బాగుపడేదాకా నువ్వు అక్కడే ఉండు" అని ఏ తల్లి అంటుంది? ఊరి కోసం నా బిడ్డని కూర్చోబెట్టలేకపోయాను.

ఇంకో మాట. ఇక్కడికి దగ్గర్లో రిషివ్యాలీ స్కూలు వాళ్లు నడిపే పల్లె బడులు ఉన్నాయి. మాష్టారు చెప్పినట్టు ఒకే గదిలో అన్ని తరగతులవాళ్లూ ఉంటారు. అక్కడ పాఠాన్ని కార్డులుగా విడగొట్టి పెట్టారు. ఏ పిల్ల ఎక్కడుందో ఆ కార్డు తీసుకుని కింద కూర్చుని చేసుకుంటుంది. పక్కనున్న పెద్దపిల్ల సాయం చేస్తుంది. అలాంటి బడి మా ఇంటి పక్కన ఉంటే నేను అసలు మాన్పించేదాన్నే కాదు.

లక్ష్మి_స్టట్‌గార్ట్

సమాచారం కోసం చెబుతున్నాను. జర్మనీలో ఈ చర్చే ఉండదు. బడికి వెళ్లడం తప్పనిసరి, ఇంట్లో చదివిస్తామంటే ఒప్పుకోరు. ఒక కుటుంబం యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది, 2006లో కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. వేరే రకం ఇళ్లలో పుట్టిన పిల్లలు ఒక గదిలో కలిసి పెరగడం సమాజానికి అవసరం అన్నది వాళ్ల వాదన. మా బాబు పక్కన కూర్చునేది సిరియా నుంచి వచ్చిన పిల్లాడు, ముందు బెంచీలో డాక్టరు గారి అమ్మాయి. నడిచే దూరంలో ఉన్న సర్కారు బడే అందరిదీ. అలాంటి బడి ఉన్నచోట తప్పనిసరి అనడం న్యాయంగానే అనిపిస్తుంది.

అఖిల్_కాకినాడ

నేను ఇంట్లో చదువుకున్న పిల్లాడినే. ఇప్పుడు నాకు 20. అమ్మానాన్నలే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను.

పదేళ్లప్పుడు నా అంత సంతోషంగా ఉన్న పిల్లాడు లేడు. పొద్దున ఉప్పుటేరు గట్టున పక్షులు చూడటం, మధ్యాహ్నం కంప్యూటరు. పదమూడు వచ్చేసరికి పరిస్థితి మారింది. వీధిలో పిల్లలు సాయంత్రం క్రికెట్‌కి వస్తారు. ఆటలో నన్ను చేర్చుకుంటారు. ఆట అయ్యాక గోడ మీద కూర్చుని బడిలో జరిగింది చెప్పుకుంటారు. ఏ సార్ ఎలా తిట్టాడు, ఎవడు ఎవడి టిఫిన్ తినేశాడు. నేను పక్కన నిలబడి వినేవాడిని. నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఇంట్లో ఈ మాట చెప్పలేదు, అమ్మ నా కోసం అంత చేస్తుంటే ఎలా చెప్పను?

చదువు పరంగా నష్టం లేదు. డిగ్రీలో బాగానే ఉన్నాను. సొంతంగా పుస్తకం పట్టుకుని నేర్చుకోవడం మా క్లాసులో చాలామందికంటే నాకే సులువు.

హోమ్‌స్కూల్ గ్రూపుల్లో అందరూ ముంబై అమ్మాయి కథ చెబుతారు. పది, పన్నెండు సర్టిఫికెట్లు లేకుండానే ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్ పతకాలతో 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకుంది. అది నిజమే. కానీ పన్నెండు పాసవ్వలేదని ఆ అమ్మాయికి ఇక్కడ ఐఐటీ తలుపు తెరుచుకోలేదన్నదీ నిజమే. ఆ ఒక్క కథ చూసి మొదలుపెట్టకండి ఆంటీ. పాపనే అడగండి. ఎనిమిదేళ్లకి తనకేం కావాలో చెప్పగలదు. పన్నెండేళ్లప్పుడు మళ్లీ అడగండి, జవాబు మారొచ్చు.

పద్మజ_హన్మకొండ

ఇంతమంది రాశారు, ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఉద్యోగం మానేది నీలిమే అని ఎవరు తేల్చారు? ఇంటి నుంచి పని చేసేది ఆయన. లెక్కలు ఆయనకీ వచ్చు. మా చెల్లెలు పాప కోసం ఉద్యోగం వదిలేసింది. తర్వాత మళ్లీ చేరదామంటే గ్యాప్ ఎందుకొచ్చిందని ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగారు. ఇంటి చదువు ఖర్చు లెక్కేసేటప్పుడు అమ్మ జీతం, పీఎఫ్ కూడా రాసుకోండి. ఆ 1,40,000 చిన్నదైపోతుంది.

వెంకట్_ఎల్బీనగర్

పద్మజ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. అఖిల్, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు కానీ మా వాడిని ఈ ఆదివారం టెస్టుకి పంపకుండా క్రికెట్‌కి పంపాను.

నీలిమ_కొండాపూర్

అందరికీ చాలా థాంక్స్. పద్మజ గారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పొద్దున పూట నేను చూసుకోగలను" అన్నారు.

నిన్న దగ్గర్లోని సర్కారు బడికి వెళ్లాను. మాష్టారు గారు చెప్పినట్టే ఇద్దరు టీచర్లు. పిల్లల్లో ఎక్కువమంది కట్టడం పనులకి వలస వచ్చిన కుటుంబాలవాళ్లు. ఒడియా, హిందీ, తెలుగు కలిపి మాట్లాడుకుంటున్నారు. మేడం బోర్డు మీద గుణకారం వేసి ఒక పిల్లని పిలిచారు. ఆ పిల్ల తప్పు చేస్తే "ఎందుకలా వేశావో చెప్పు" అన్నారు, తిట్టలేదు. మా పాప స్కూల్లో ఆ మాట ఎప్పుడూ వినలేదు. కానీ బాత్రూముకి తలుపు గడియ లేదు. గదిలో ఒకే ఫ్యాను.

పాపని అడిగాను అఖిల్. "బడి వద్దు, పిల్లలు కావాలి" అంది.

మాష్టారు గారూ, ఒకవేళ ఏడాది ఇంట్లో ఉంచి, అది కుదరకపోతే మళ్లీ చేర్చుకుంటారా? లేక అదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చోబెడతారా? కేంద్ర ప్రభుత్వ నవోదయ హాస్టల్ బడి సంగతి కూడా చెప్పండి, మా తమ్ముడు అందులో చదివాడు.

మాష్టారు_సత్తుపల్లి

చేర్చుకుంటారమ్మా. చట్టం 4వ సెక్షన్ అందుకే ఉంది. మధ్యలో మానేసిన పిల్లనైనా, అసలు బడి ముఖం చూడని పిల్లనైనా వయసుకి తగ్గ తరగతిలోనే వేయాలి. తొమ్మిదేళ్లుంటే నాలుగో తరగతి. వెనకబడి ఉంటే బడే ప్రత్యేకంగా చెప్పించాలి. ఎంట్రన్స్ టెస్టు పెట్టకూడదు. టీసీ ఆలస్యమైందని వెనక్కి పంపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు.

అయినా ఇప్పుడున్న స్కూల్లో బకాయిలు లేకుండా చూసుకుని టీసీ, స్టడీ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. పాప పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) రాసిపెట్టుకోండి. స్కూలు వాళ్లు యూడైస్ అనే బడుల ఆన్‌లైన్ రికార్డులో పాప పేరు డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలినవాళ్ల జాబితాలోకి) పంపితేనే కొత్త బడి ఆన్‌లైన్‌లో తీసుకోగలదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. కాగితం ఇస్తారు, ఆన్‌లైన్‌లో పేరు వదలరు, మేం ఫోన్లు చేస్తూ కూర్చోవాలి.

నవోదయ ఆరో తరగతికి రాయాలంటే ప్రభుత్వ బడిలోనో, గుర్తింపున్న బడిలోనో ఐదో తరగతి చదువుతూ ఉండాలి. ఇంట్లో చదివితే ఆ దారి కష్టం. అందులోనూ కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాలవాళ్లకే, పట్నంవాళ్లు మిగతా సీట్లకే పోటీ పడాలి.

మీ పాప చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. నన్నడిగితే ఆ బడిలో నాలుగో తరగతికి వేసి, పొద్దున గంట ఇంట్లో మీకు కావలసినట్టు చెప్పుకోండి. మూడున్నరకో నాలుగింటికో బడి అయిపోతుంది, బస్సు లేదు, నోట్సు మూడుసార్లు రాయడం లేదు. ఖాదర్ భాయ్ అన్నట్టు కమిటీ మీటింగుకి కూడా వెళ్లండి.

ఖాదర్_కర్నూలు

నీలిమమ్మా, గడియ సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో చెబితే మర్చిపోతారు. కమిటీ మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకం పెట్టించండి, ఒక కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. మా బడిలో నీళ్లు చివరికి అలాగే వచ్చాయి.

నీలిమ_కొండాపూర్

సోమవారం టీసీకి అప్లై చేస్తున్నాం. అత్తయ్యగారు ఇంకా మాట్లాడట్లేదు. ఉద్యోగం మానట్లేదు. పెన్ నంబరు ప్రోగ్రెస్ కార్డు వెనక ఉంది, ఫొటో తీసి పెట్టుకున్నాను. డ్రాప్‌బాక్స్ దగ్గర ఇబ్బంది వస్తే మళ్లీ ఇక్కడే అడుగుతాను.